జానపదాన్ని జాజ్‌తో కలిపి స్వతంత్ర సంగీతకారుడిగా నిలబడడం ఎలా

తెలుగు జానపదాన్ని జాజ్‌తో కలిపి, తమ పాటను తామే రికార్డు చేసి విడుదల చేసుకుంటూ బతకాలనుకునే యువతీయువకులు నన్ను కలిసినప్పుడు, ముందుగా ఏ మైకు కొనాలో, పాటను స్పాటిఫై లాంటి చోట్లకు చేర్చే ఏ డిస్ట్రిబ్యూటర్ మంచిదో అడుగుతారు. ఆ ప్రశ్నలకు ఈ వ్యాసంలో జవాబు ఉంది. అయితే పదమూడేళ్లుగా గిటారు పట్టుకుని ఈ పని చేస్తున్న నాకు అర్థమైనంతలో, ఈ దారిలో చివరిదాకా మీ వెంట వచ్చేవి రెండే: పాట ఇచ్చిన మనుషులతో మీకున్న సంబంధం, మీరు చేసిన రికార్డింగుల మీద మీకున్న హక్కు. ఈ రెండూ చేతిలో ఉన్నవారు కచేరీలు లేని ఏడాదిని కూడా దాటుకుని వస్తారు. కింద చెప్పిన ప్రతి అడుగూ వీటిని దృష్టిలో పెట్టుకుని రాసిందే.

మొదటి అడుగు: ఒక ప్రాంతాన్ని, ఒక పాట రకాన్ని ఎంచుకోండి

జానపదం అనే మాట చాలా పెద్దది. ఉత్తరాంధ్ర జముకుల కథ, తప్పెటగుళ్ళు, అరకు ధింసా, తెలంగాణ ఒగ్గుకథ, బైండ్లవారి జమిడిక కథలు, నాగర్‌కర్నూల్ ప్రాంతపు కిన్నెర పాట, ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ, ఆడవాళ్ల బతుకమ్మ పాటలు, నాటు వేసేటప్పుడు పాడుకునే పాటలు అన్నీ ఆ మాటలోకే వస్తాయి. అయినా వీటి నడక, గొంతు, సందర్భం వేటికవే వేరు. అన్నింటినీ కొంచెం కొంచెం రుచి చూసినవాడి సంగీతం హోటల్ బఫే లాగా ఉంటుంది. మొదటి ఏడాది ఒక్క ప్రాంతం, ఒక్క రకం చాలు. మీ అమ్మమ్మ ఊరో, మీ నాయనమ్మ ఊరో ఉంటే అక్కడినుంచే మొదలుపెట్టండి. అక్కడి యాస మీ చెవికి ఇదివరకే అలవాటై ఉంటుంది, పాట అడగడానికి మీకొక వరస ఉంటుంది.

యూట్యూబులో దొరికే పాటలతో సరిపెట్టుకోకండి. వాటిలో చాలావరకు కీబోర్డు, ప్యాడ్ బీటు పెట్టి పునర్నిర్మించినవి కాబట్టి, పాట అసలు నడక ఆ బీటు కింద పడి కనిపించకుండా పోతుంది. ఊరికి వెళ్లి వినండి. నాటు పాటను నాటు వేస్తుండగా వినడం వేరు, అరుగు మీద కూర్చోబెట్టి పాడించుకోవడం వేరు. పొలంలో పాడుతున్నప్పుడు పల్లవి ఎత్తుకునే ఆమెకూ అందుకునే వాళ్లకూ మధ్య ఉండే ఖాళీ, నారు గుచ్చి అడుగు వెనక్కి వేసే సమయంతో కొలవబడుతుంది. ఆ ఖాళీ ఎంతో తెలియకుండా ఆ పాటకు డ్రమ్స్ వేయలేరు.

రికార్డు చేసే ముందు అడగండి, ఎందుకో కూడా చెప్పండి. ఫోనులోనైనా సరే, ప్రతి రికార్డింగు మొదట్లో పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి నోటే చెప్పించండి. ఈ ముప్పై సెకన్ల మాట తర్వాత హక్కుల విషయంలో మీకు, వాళ్లకు కూడా ఆధారమవుతుంది. ఇంటికి వచ్చాక వాయిద్యం ముట్టకుండా ఆ పాటను గొంతుతో నేర్చుకోండి. సంగతులు, విరుపులు, ఊపిరి తీసుకునే చోట్లు అన్నీ పట్టుబడి, పాడినావిడ ముందు పాడితే ఆమె తప్పు దిద్దకుండా తలూపే స్థాయికి వచ్చేవరకు కార్డుల (కలిపి మోగించే స్వరాల) జోలికి వెళ్లకండి. నాకు మొదటి పాటకు ఇందుకు నాలుగు నెలలు పట్టింది.

రెండో అడుగు: జాజ్‌ను కూడా ఒక జానపదంలాగే నేర్చుకోండి

ఇక్కడ చాలామంది తొందరపడతారు. నాలుగు సెవెంత్ కార్డులు, ఒక శాక్సోఫోన్ పెడితే జాజ్ అయిపోతుందనుకుంటారు. జాజ్ కూడా చెవి ద్వారా, పెద్దవాళ్ల వాద్యం విని, అచ్చంగా అనుకరించి నేర్చుకునే సంప్రదాయమే. దాని పునాదిలో ఉన్న నల్లజాతి శ్రామికుల పనిపాటల్లోనూ, చర్చి పాటల్లోనూ ఒకరు ఎత్తుకోవడం, గుంపు అందుకోవడం అనే పద్ధతే ఉంది. 'ఉయ్యాలో' అని గుంపు అందుకునే మన పాటలూ అదే పద్ధతిలో నడుస్తాయి. ఈ పోలిక దగ్గరే ఈ రెండు సంగీతాలు సహజంగా కలుస్తాయి.

పని ఇలా పెట్టుకోండి. పన్నెండు బార్ల బ్లూస్‌ను అన్ని శ్రుతుల్లో వాయించగలగాలి. పదిహేను, ఇరవై స్టాండర్డ్స్ (జాజ్ వాళ్లందరూ వాయించే పాత పాటలు) కాగితం చూడకుండా రావాలి. కనీసం ఆరు సోలోలను చెవితో విని, మొదట పాడి, తర్వాత వాయించాలి. మన రాగాలు తెలిసినవారికి మోడ్స్ (జాజ్‌లో వాడే స్వరవరసలు) త్వరగా వస్తాయి. డోరియన్ స్వరాలు ఖరహరప్రియవి, మిక్సోలిడియన్ స్వరాలు హరికాంభోజివి, ఫ్రిజియన్ స్వరాలు హనుమతోడివి. స్వరస్థానాలు ఒకటైనంత మాత్రాన గమకమూ నడకా ఒకటి కావని మాత్రం గుర్తుంచుకోవాలి. హైదరాబాదులో, విజయవాడలో జాజ్ చెప్పే గురువులు తక్కువగానే దొరుకుతారు. చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న గురువు దగ్గర వారానికి ఒక ఆన్‌లైన్ పాఠం, రెండు మూడు నెలలకు ఒకసారి ముఖాముఖి కూర్చోవడం చాలామందికి సాధ్యమయ్యే పద్ధతి.

మూడో అడుగు: కలపడం

ఈ పనిలో కష్టమూ ఆనందమూ రెండూ ఇక్కడే ఉన్నాయి కాబట్టి కొంచెం ఎక్కువ సేపు ఆగుదాం.

ముందుగా శ్రుతి సంగతి. ఊరి గాయని గాంధారం (గ స్వరం) చాలాసార్లు సాధారణ గాంధారానికీ (మైనర్ కార్డులోని గ) అంతర గాంధారానికీ (మేజర్ కార్డులోని గ) మధ్య ఎక్కడో నిలుస్తుంది. పియానోలో ఆ స్వరం లేదు. మీరు మేజర్ కార్డు వేస్తే ఆమె గొంతు శ్రుతి తగ్గినట్టు, మైనర్ వేస్తే శ్రుతి పెరిగినట్టు వినిపిస్తుంది. ఆమె మాత్రం సరిగ్గానే పాడుతోంది. ఇందుకు నేను వాడే మార్గం, ఆమె పాడుతున్నంతసేపూ కార్డులోంచి గాంధారాన్ని తీసేయడం. షడ్జమం, పంచమం, రిషభం, మధ్యమం ఉంటే చాలు. ఫోర్తుల మీద, అంటే స-మ దూరంలో స్వరాలు పేర్చి కట్టిన కార్డులు ఇందుకు బాగా పనికొస్తాయి. గొంతు ఆగి, వాయిద్యం సోలో మొదలైన తర్వాత గాంధారాన్ని తెచ్చుకోవచ్చు. అప్పుడు దాని రంగు కూడా కొత్తగా తెలుస్తుంది.

రెండోది కార్డుల సంఖ్య. నాలుగైదు స్వరాల్లో తిరిగే బాణీకి బారుకు రెండు కార్డులు వేసి నడిపిస్తే, పాట లారీ వెనక పరుగెత్తే పిల్లవాడిలా అలసిపోతుంది. ఒకే ఆధార స్వరం మీద ఎక్కువసేపు నిలిచి, బేసు మాత్రం కింద మారుతూ ఉంటే బాణీ చెక్కుచెదరదు, వినేవాడికి కదలిక కూడా అందుతుంది. స్వీడన్ పియానిస్టు యాన్ యోహాన్సన్, బేసిస్టు గేయోర్గ్ రీడెల్ 1960ల మొదట్లో తమ దేశపు జానపద బాణీలను పియానో, బేసు రెండింటితోనే రికార్డు చేశారు. 1964లో ఎల్‌పీగా వచ్చిన ఆ పని ఆ దేశంలో ఎక్కువగా అమ్ముడైన జాజ్ రికార్డుల్లో ఒకటయింది. అందులో బాణీని దాదాపు ఉన్నదున్నట్టుగా వాయించి, చుట్టూ ఖాళీ వదలడం వింటే ఎంత తక్కువ చేస్తే చాలో తెలుస్తుంది. మీకు అది ఒక పాఠ్యపుస్తకం.

మూడోది లయ. చప్పట్లు మూడు మూడుగా పడుతున్నాయో, అయిదుగానో, ఏడుగానో ముందు లెక్కపెట్టండి. తిశ్రంలో (మూడేసి లెక్కలో) నడిచే పాటకు జాజ్ ఊగుడు నడక అయిన స్వింగ్ దగ్గరి చుట్టమే గానీ, డ్రమ్మరు రైడ్ సింబల్ మీద అలవాటైన స్వింగ్ వేస్తే డప్పు నడకను అది మింగేస్తుంది. డప్పులో కుడిచేతి సిర్ర (పొట్టి కర్ర) బరువు దెబ్బను వేస్తే, ఎడమచేతి చిటికెన పుల్ల సన్నటి దెబ్బలతో ఖాళీలను నింపుతుంది. ఈ రెండు పనులనూ డప్పుకే వదిలి, డ్రమ్మరును బ్రషులతో, సింబల్ అంచుతో రంగులు మాత్రమే వేయమనండి. డప్పు ఆగిన చోట డ్రమ్స్ పూర్తిగా తెరుచుకోవచ్చు. అలాగే జమిడిక తీగను బిగించి వదిలినప్పుడు వచ్చే జారే శబ్దం డబుల్ బేస్ ఉండే చోటనే ఉంటుంది. రెండూ ఒకేసారి మోగితే బురదలా వినిపిస్తుంది కాబట్టి, జమిడిక ఉన్న పాటలో బేసిస్టును విల్లుతో సన్నని పై స్వరాలు వాయించమనడం మంచిది.

ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు అల్లి వాయించడం) ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు పాటే జవాబు చెబుతుంది. ఉయ్యాలో, చందమామ లాంటి అందుకునే మాట వచ్చే ప్రతి చోటా ఒక కిటికీ ఉంటుంది. గుంపు పాడే ఆ మాటను శాక్సోఫోనుకో గిటారుకో ఇచ్చి, ఒక్కో చరణానికి ఆ జవాబును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే, మూడో నాలుగో చరణానికి అదే పూర్తి సోలో అవుతుంది. పాట మధ్యలో ఆపి వరసగా అందరూ సోలోలు వాయించి మళ్లీ పాటకు వచ్చే పద్ధతి కన్నా ఇది కథ చెప్పే పాటలకు బాగా నప్పుతుంది, ఎందుకంటే కథ తెగదు.

వాయిద్యం పాటకు లొంగకపోతే వాయిద్యాన్నే మార్చుకోవచ్చు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ జంట తీగల మీద గమకం నిలవదని, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకుని దానిమీద కర్ణాటక సంగీతం పలికించారు. తర్వాత జాన్ మెక్‌లాక్లిన్ లాంటి జాజ్ గిటారిస్టు పక్కన అదే వాయిద్యంతో ప్రపంచమంతా తిరిగారు. నేను మాత్రం మెట్లు లేని ఫ్రెట్‌లెస్ గిటారుకు మారడంతో నా ఇబ్బందిలో సగం తీరింది.

నాలుగో అడుగు: బృందం

నలుగురికి మించవద్దు. ఊరి కళాకారుడు ఒకరు, బేసు, డ్రమ్స్, మీరు. పెద్ద బృందం అందంగానే ఉంటుంది గానీ, రైలు టికెట్లు కొనేటప్పుడు ఆ అందం బరువవుతుంది. డప్పు వాయించే అన్ననో, ఒగ్గుడోలు కొట్టే బాబాయినో అతిథిగా ఒక్క పాటకు వేదిక మీదకు పిలిచి పంపించే పద్ధతి వద్దు. రిహార్సల్ నుంచి రాబడి పంపకం దాకా ఆయన బృంద సభ్యుడే కావాలి. వాద్యం వేసే ముందు ఆయన ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పరు. ఒక దరువు వేసి చూపిస్తారు. మిగతా ముగ్గురూ ఆ భాష నేర్చుకోవాలి. రిహార్సల్ రోజుకు కూడా ఆయనకు కూలి పోతుందన్నది మరిచిపోకుండా, కచేరీ ఉన్నా లేకపోయినా ఆ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వండి.

అయిదో అడుగు: రికార్డింగ్

మా మొదటి రికార్డింగును నేను పాడుచేశాను. జనగామ వైపు ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మకు హెడ్‌ఫోన్ పెట్టి, వేగం తప్పకుండా టిక్కుమనే క్లిక్ ట్రాక్ వదిలి పాడమన్నాను. రెండు చరణాల తర్వాత ఆమె హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని, "గా టిక్కుటిక్కు బంద్ చెయ్యి బిడ్డా, నా పాట నాకే ఇనిపిస్తలేదు" అన్నది. క్లిక్ తీసేశాం. అయినా ఆ రోజు పాట కుదుటపడలేదు, ఆమె గొంతులో బెరుకు పోలేదు. మరో వారం తర్వాత ఆమె ఇంటి వసారాలోనే, డప్పన్నను ఎదురుగా కూర్చోబెట్టి రికార్డు చేస్తే మూడో టేకులో పాట వచ్చింది.

కాబట్టి గొంతును, లయను ఒకే గదిలో ఒకేసారి రికార్డు చేయండి. పాట వేగం మధ్యలో కొంచెం పెరిగితే పెరగనివ్వండి. బేసు, గిటారు తర్వాత వేసుకోవచ్చు. శ్రుతిని కూడా గాయనినే ఎంచుకోనివ్వాలి. ముందు రోజు ఆమెను మామూలుగా పాడమని, ఆ షడ్జమం ఎక్కడ నిలిచిందో చూసి గిటారు తీగలను దానికి బిగించుకోండి. ఆమె షడ్జమం డి, ఈ ఫ్లాట్‌ల మధ్య నిలిచినా అక్కడికే వాయిద్యాలు రావాలి తప్ప, ఆమె గొంతుకు ఆటోట్యూన్ పెట్టకూడదు.

డప్పు విషయంలో స్టూడియో ఇంజినీరుకు ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. ఏసీ గదిలో, వానాకాలపు తేమలో తోలు మెత్తబడి శబ్దం చచ్చిపోతుంది. ఊళ్లో గడ్డిమంట మీద కాచుకుంటారు. నగరంలో బయట సందులో చిన్న మంట వేసుకోవడానికి చోటు అడిగి పెట్టుకోండి. కాచిన డప్పు శ్రుతి ఇరవై నిమిషాలకే దిగడం మొదలవుతుంది కాబట్టి, ప్రతి రెండు టేకుల మధ్య కాచుకునే విరామాన్ని గంటల లెక్కలోనే కలిపి స్టూడియో మాట్లాడుకోవాలి. మైకు డప్పుకు మరీ దగ్గరగా పెడితే సిర్ర దెబ్బ పగిలినట్టు వస్తుంది. ఒక డైనమిక్ మైకు రెండడుగుల దూరంలో, గది శబ్దం కోసం ఇంకొకటి దూరంగా పెట్టి చూడండి.

ఫైళ్లు 24 బిట్‌లో, 48 కిలోహెర్ట్జ్‌లో, వేవ్ రూపంలో ఉండాలి. మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దానికి చివరి మెరుగు) చేసేవారిని శబ్దం పెంచడానికి గట్టిగా నొక్కవద్దని అడగండి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రత కొలత) దగ్గరికి శబ్దాన్ని సర్దుతుంది కాబట్టి, అరిచినట్టు చేసిన మాస్టరు వల్ల డప్పు ప్రాణం పోవడమే తప్ప లాభం లేదు. పని ముగిసిన రోజే మల్టీట్రాకులన్నీ (ఒక్కో గొంతుకూ వాయిద్యానికీ ఉన్న విడి ఫైళ్లు) రెండు హార్డ్ డిస్కుల్లోకి తీసుకుని, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. స్టూడియో వాళ్ల దగ్గర ఉంటాయిలే అనుకుని వదిలేసిన నా పాటలు రెండు ఇప్పుడు ఎక్కడా లేవు.

ఆరో అడుగు: హక్కులు

పాట విడుదలకు ముందే ఈ పని పూర్తి కావాలి. ఊరి పాట అందరిదీ అన్న మాట సగం మాత్రమే నిజం. తరతరాలుగా వస్తున్న, రచయిత తెలియని పాట మీద ఎవరికీ కాపీరైటు ఉండకపోవచ్చు. కానీ ఒకరు పాడిన ఆ పాట రికార్డింగు మీద హక్కు విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది, పాడిన వ్యక్తికి ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది. అంటే బాణీ మీరు వాడుకోవచ్చు గానీ, పాత క్యాసెట్‌లోని గొంతును అనుమతి లేకుండా కోసి మీ ట్రాకులో అతికించలేరు.

ఇంకో చిక్కు మన ప్రాంతంలో ఎక్కువ. జానపదంగా చెలామణీలో ఉన్న ఎన్నో పాటలకు రచయితలు ఉన్నారు. ఉద్యమాల కాలంలో పుట్టి, ఊరూరా తిరిగి, పేరు రాలిపోయిన పాటలవి. మన దేశంలో రచన మీద హక్కు రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. 2020లో కన్నుమూసిన వంగపండు ప్రసాదరావు పాటలను ఊరి పాటలనుకుని పాడేవారు చాలామంది ఉన్నారు. ఆయన రాసిన ప్రతి పాట మీదా హక్కు 2080 చివరిదాకా ఆయన వారసులకో, ఆయన రాసిచ్చిన వారికో ఉంటుంది. కాబట్టి పాట చెప్పినవారిని "ఇది ఎవరి నోట విన్నావు పెద్దమ్మా" అని అడగడంతో పాటు, ఆ పక్క ఊళ్లలో కూడా అడగండి. విశ్వవిద్యాలయాల జానపద పరిశోధన గ్రంథాల్లో వెతకండి. బిరుదురాజు రామరాజు లాంటి పరిశోధకుల సేకరణల్లో పాట కనబడితే అది అంత పాతదని ఒక ఆధారం దొరికినట్టే.

తర్వాత వాటాల కాగితం. పాట పేరు, బాణీ ఎక్కడిది, అమరిక ఎవరిది, గొంతు ఎవరిది, వాయించినవారెవరు, రికార్డింగు మీద ఎవరికి ఎంత శాతం అన్నవి ఒక పేజీలో తెలుగులో రాసి, చదివి వినిపించి, అందరి సంతకాలో వేలిముద్రలో తీసుకుని, ప్రతి ఒక్కరికీ ఒక ప్రతి ఇవ్వండి. నేను పాడినవారికి రికార్డింగు రాబడిలో పావు వంతుకు తగ్గకుండా రాస్తాను. ఇది చట్టం చెప్పిన లెక్క కాదు, నాకు న్యాయమనిపించిన లెక్క. అమరిక మీదైతే "సంప్రదాయ గీతం, అమరిక ఫలానా" అని రాయండి. మీరే స్వరకర్తనని రాసుకుంటే రేపు అదే బాణీ పాడుకునే ఊరివాళ్ల వీడియో మీద మీ పేరుతో కాపీరైటు దావా పడే ప్రమాదం ఉంది.

1969లో ఏర్పడిన, రాయల్టీ వసూలు చేసి పంచే సంఘమైన ఐపీఆర్‌ఎస్‌లో రచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనూ నమోదు చేయండి. గాయకులు, వాద్యకారుల కోసం అలాంటిదే ఇసామ్రా (ISAMRA) ఉంది. 2012లో కాపీరైటు చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం, రచయితలు, స్వరకర్తలు రికార్డింగు వాడకంపై తమకు వచ్చే రాయల్టీ వాటాను వారసులకో, కాపీరైటు సంఘానికో తప్ప మరెవరికీ రాసివ్వలేరు. ఏ కంపెనీ అయినా "సర్వహక్కులు శాశ్వతంగా" అని కాగితం పెడితే ఈ సంగతి గుర్తుంచుకుని, సంతకానికి ముందు న్యాయవాదికి చూపించండి. నా అనుభవంలో మాస్టరును (అసలు రికార్డింగును) అమ్మడం కన్నా, మూడేళ్లకో అయిదేళ్లకో లైసెన్సుగా ఇవ్వడం ఎప్పుడూ మేలే.

ఏడో అడుగు: విడుదల

ఆల్బమ్ ఒక్కసారిగా వదలకుండా, ఆరు వారాలకో పాట చొప్పున వదలండి. డిస్ట్రిబ్యూటర్‌ను ఎంచుకునేటప్పుడు చూడవలసినవి మూడు: ఏటా కట్టే రుసుము ఆపేస్తే పాటలు తీసేస్తారా, రాబడిని వాటాల ప్రకారం నేరుగా అందరి ఖాతాలకూ పంచుతారా, ప్రతి రికార్డింగుకూ గుర్తుగా ఇచ్చే ఐఎస్‌ఆర్‌సీ సంఖ్యలు మీరు వేరే చోటికి మారినా మీతోనే వస్తాయా. పాట పేరు ప్రతిచోటా ఒకే అక్షరక్రమంతో ఇవ్వండి. స్పాటిఫై సంపాదకులకు పాటను విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పంపాలి, మూడు నాలుగు వారాల ముందైతే ఇంకా మంచిది. 2024 నుంచి అక్కడ గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి సార్లు వినబడని పాటకు రాయల్టీ రావడం లేదు కాబట్టి, శ్రోతలను పది పాటలకు చెదరగొట్టడం కన్నా రెండు మూడు పాటల దగ్గర నిలబెట్టడం తెలివైన పని.

మన వినేవాళ్లు ఎక్కువగా యూట్యూబులోనే ఉన్నారు. మామూలు (షార్ట్స్ కాని) వీడియోల దారిలో ప్రకటనల రాబడికి వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ కావాలి. అక్కడ మా పాటల్లో ఎక్కువగా చూడబడ్డది ఖర్చుపెట్టి తీసిన వీడియో ఏదీ కాదు, ఆ వసారాలో పెద్దమ్మ పాడుతుంటే పక్కన కోడిపిల్లలు తిరుగుతున్న ఫోను వీడియో. అమెరికా శ్రోతల మీద వచ్చే రాబడికి పన్ను పత్రం నింపితే మన దేశంతో ఉన్న ఒప్పందం ప్రకారం 15 శాతం కోస్తారు, నింపకపోతే అంతకన్నా ఎక్కువే పోతుంది. మీ జానపద బాణీ మీద ఎవరైనా పెద్ద లేబుల్ తరఫున కాపీరైటు క్లెయిమ్ పడితే కంగారుపడకండి. సొంత రికార్డింగు అని, సంప్రదాయ బాణీ అని రాసి డిస్‌ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజులు ఉంటాయి. మొదటి అడుగులో తీసుకున్న ఆ ముప్పై సెకన్ల మాట ఇక్కడ అక్కరకొస్తుంది.

ఎనిమిదో అడుగు: వేదిక, డబ్బు

మొదటి పది కచేరీలు చిన్న చోట్ల పెట్టుకోండి. హైదరాబాదు బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట, ప్రేక్షకులు మీకు నాలుగడుగుల దూరంలో కూర్చుంటారు, ఏ పాట దగ్గర ఫోన్లు తీశారో, ఏ పాట దగ్గర కళ్లు మూసుకున్నారో కనబడుతుంది. ఆ తర్వాత బెంగళూరు, ఢిల్లీ జాజ్ క్లబ్బులకు, అరుణాచల్‌లోని జీరో, జోధ్‌పూర్ రిఫ్ లాంటి పండుగలకు రాయండి. పంపవలసింది రెండు పాటల నిడివి ఉన్న, కోత లేని ప్రత్యక్ష ప్రదర్శన వీడియో, పది వాక్యాల పరిచయం, వేదిక మీద ఏమేమి కావాలో చెప్పే ఒక పేజీ. ఆ పేజీలో డప్పు కాచుకునే చోటు కూడా రాయండి.

డబ్బు మాట రాతలోనే ఉండాలి. తేదీ ఖరారు చేసినప్పుడు సగం, వేదిక ఎక్కే ముందు మిగతా సగం. ఒక కళాశాల ఉత్సవంలో సగం బాకీని "రేపు ఆఫీసులో ఇస్తాం" అంటే నమ్మి వాయించాం. ఆ రేపు రాలేదు, డప్పన్నకు నేను జేబులోంచి ఇచ్చాను. సంస్థలు చెల్లించేటప్పుడు సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తాయి. రిటర్ను దాఖలు చేస్తేనే అది లెక్కలోకి వస్తుంది. జీఎస్టీలో జానపద, శాస్త్రీయ కళల ప్రదర్శనకు ఒక్కోదానికి లక్షన్నర రూపాయల వరకు మినహాయింపు ఉంది, కానీ జాజ్ కలిసిన ప్రదర్శన ఆ మాటకు సరిపోతుందా అన్నది వాదనకు తావున్న విషయం. ఏడాది రాబడి 20 లక్షలు దాటేలా ఉంటే ఆడిటరుతో ముందే మాట్లాడండి.

అమెరికాలోని తెలుగు సంఘాల మహాసభలు మంచి అవకాశమే గానీ, సందర్శక వీసా మీద వెళ్లి పారితోషికం తీసుకోవడం చట్టవిరుద్ధం. సంప్రదాయ కళాబృందాలకు పీ-3 అనే వీసా ఉంది, దానికి అక్కడి నిర్వాహకులే ముందుగా దరఖాస్తు పెట్టాలి. నెలల తరబడి సమయం పడుతుంది కాబట్టి, ఆహ్వానం వచ్చిన రోజే ఈ మాట అడగండి.

కచేరీలు, స్ట్రీమింగ్ కలిపినా మొదటి మూడు నాలుగేళ్లు ఇల్లు గడవడం కష్టం. పాఠాలు చెప్పడం, ఇతరుల రికార్డింగుల్లో వాయించడం, డాక్యుమెంటరీలకు నేపథ్య సంగీతం చేయడం నాకు ఆసరా అయ్యాయి. వచ్చిన ప్రతి రూపాయినీ ఏ పాట వల్ల వచ్చిందో రాసే ఒక పుస్తకం పెట్టుకోండి. ఫోనులోనైనా సరే.

తొమ్మిదో అడుగు: ఏటా ఒకసారి లెక్క అప్పజెప్పండి

నేను ఈ పనిని సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు పెట్టుకుంటాను. ఏడాదిలో ఆ పాటకు ఎంత వచ్చింది, ఖర్చులు ఎంత, పాడినవారి వాటా ఎంత అని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, డబ్బు కవరులో పెట్టుకుని ఊరికి వెళ్తాను. ముందు స్పీకరులో పాట వినిపిస్తాను, తర్వాతే లెక్క చదువుతాను. పోయిన ఏడు పెద్దమ్మ పాటంతా విని, కవరు పక్కన పెట్టి, రెండో చరణంలో మేము మిక్సింగులో కిందికి దించేసిన ఒక మాటను పట్టుకుంది. "అది గట్టిగ ఇనబడాలె బిడ్డా, అత్తను తిట్టే మాట అదే" అన్నది. ఆ సాయంత్రమే ఆమె ఆడబిడ్డ ఇంకో పాట ఎత్తుకుంది. పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగి రికార్డు చేసుకున్నాను. ఆ పాట గాంధారం ఎక్కడ నిలుస్తుందో ఇప్పటికీ వెతుకుతున్నాను.